బౌన్స్ రేట్ పెరిగింది, ఆర్డర్లూ పెరిగాయి: కొత్తవాడ దర్రీల వెబ్‌సైట్ కేస్ స్టడీ

వరంగల్ కొత్తవాడలో మగ్గాలు పెట్టి దర్రీలు (నూలు జంపఖానాలు) నేయించి అమ్మే ఒక కుటుంబం తమ వెబ్‌సైట్ చూడమని నన్ను పిలిచింది. బౌన్స్ రేట్, అంటే సైట్‌కు వచ్చి ఏమీ చేయకుండా వెళ్లిపోయేవాళ్ల శాతం, నెలనెలా పెరుగుతోంది, ఎలాగైనా తగ్గించాలి, ఇదీ వాళ్లు అప్పజెప్పిన పని. సైట్ వ్యవహారాలు చూసే అబ్బాయి ఫోన్‌లో సూటిగానే చెప్పాడు: "అన్నా, ఇన్‌స్టాల డబ్బులు పెట్టి జనాన్ని తీస్కొస్తున్నం. వచ్చినోళ్లు వచ్చినట్టే పోతున్నరు. ఈ వెబ్‌సైట్ ఎందుకురా అని మా నాయన రోజు అడుగుతుండు."

పని ఒక కొలిక్కి వచ్చేసరికి మొత్తం సైట్ బౌన్స్ రేట్ మొదటికంటే కాస్త ఎక్కువగానే ఉంది. ఆర్డర్లు మాత్రం బాగా పెరిగాయి, ప్రకటనల ఖర్చు పెంచకుండానే. ఈ రెండూ ఒకే సైట్‌లో ఎలా కుదిరాయో వివరంగా చెబుతాను. బౌన్స్ రేట్ అనే ఒక్క అంకె చూసి టెన్షన్ పడి, బాగున్న పేజీలను పాడుచేసుకుంటున్న చిన్న వ్యాపారాలు మన వైపు చాలానే ఉన్నాయి. వ్యాపార లెక్కలు బయటపెట్టనని ఈ కుటుంబానికి మాటిచ్చాను. అందుకని వాళ్ల శాతాలు రాయను, ఏ మార్పుతో ఏది ఎటు కదిలిందో రాస్తాను.

ముందు కొలత సంగతి

అబ్బాయి నాకు చూపించిన గ్రాఫ్‌లో 2022 నాటి అంకెలు, ఇప్పటి అంకెలు ఒకే గీత మీద ఉన్నాయి. ఆ రెండింటినీ అలా పక్కపక్కన పెట్టకూడదు. అప్పట్లో వాడిన గూగుల్ పాత కొలత సాధనం యూనివర్సల్ అనలిటిక్స్‌లో ఒక మనిషి ఒకే పేజీ చూసి, ఇంకే క్లిక్కూ నమోదు కాకుండా వెళ్లిపోతే అది బౌన్స్. ఆ పేజీని పది నిమిషాలు కూర్చుని చదివినా బౌన్సే. రెండో సంకేతం రాకపోతే ఆ మనిషి ఎంతసేపు ఉన్నాడో తెలుసుకునే దారి దానికి లేదు. మామూలు ఖాతాల్లో అది 2023 జులై 1 నుంచి కొత్త డేటా తీసుకోవడం ఆపేసింది.

ఇప్పుడున్న జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ 4) అవతలి వైపు నుంచి లెక్క మొదలుపెడుతుంది. సెషన్, అంటే ఒక మనిషి ఒకసారి సైట్‌కు వచ్చి వెళ్లేది, పది సెకన్లు దాటినా, రెండు పేజీలు చూసినా, మనం ముఖ్యమని గుర్తుపెట్టిన పని, అంటే కీ ఈవెంట్, ఒకటి జరిగినా అది ఎంగేజ్డ్ సెషన్. ఈ మూడింటిలో ఏదీ జరగకపోతేనే బౌన్స్. వందలోంచి ఎంగేజ్‌మెంట్ రేట్ తీసేస్తే మిగిలేదే బౌన్స్ రేట్. 2020లో జీఏ4 వచ్చినప్పుడు ఈ కొలతే లేదు. జనం అడగ్గా అడగ్గా 2022 జులైలో చేర్చారు. ఇప్పటికీ మామూలు రిపోర్టుల్లో నేరుగా కనిపించదు, రిపోర్ట్‌ను కస్టమైజ్ చేసి ఆ కాలమ్ మనమే కలుపుకోవాలి. పైగా ఆ పది సెకన్ల హద్దును సెట్టింగ్స్‌లో అరవై దాకా మార్చుకోవచ్చు. కాబట్టి ఇంకొకరి సైట్ బౌన్స్ రేట్‌తో మనది పోల్చుకునే ముందు, వాళ్లు దేన్ని దేనితో కొలుస్తున్నారో అడగాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. దర్రీల షాపుకు వచ్చే గిరాకీలో ఎక్కువ మంది ఫోన్ చేస్తారు, లేదా వాట్సాప్‌లో ఫొటో పంపి అడుగుతారు. ఒకామె పేజీ తెరిచి, నచ్చి, ఏడో సెకనులో ఫోన్ నంబరు నొక్కి కాల్ చేసిందనుకోండి. షాపుకు అంతకన్నా మంచి సెషన్ ఉండదు. కానీ జీఏ4 దాన్ని బౌన్స్ కింద వేస్తుంది, ఎందుకంటే ఫోన్ నంబరు నొక్కడాన్ని అది తనంతట తాను నమోదు చేయదు. వాట్సాప్ లింకు నొక్కితే బయటి లింకు క్లిక్‌గా నమోదవుతుంది గానీ, దాన్ని కీ ఈవెంట్‌గా మనం గుర్తుపెట్టకపోతే బౌన్స్ లెక్క మారదు. అందుకే నేను ముందు చేసిన పని, కొలత కోడ్‌లను ఒకచోట నడిపే గూగుల్ టాగ్ మేనేజర్‌లో ఈ రెండు నొక్కుళ్లకూ వేర్వేరు ఈవెంట్లు పెట్టి, రెండింటినీ కీ ఈవెంట్లు చేయడం. సైట్‌లో ఒక్క అక్షరం మార్చకుండానే షాపు పేజీల బౌన్స్ రేట్ కొంత దిగింది. జనం ప్రవర్తనలో మార్పేమీ లేదు, వాళ్లు అప్పటికే చేస్తున్న పని ఇప్పుడు కనిపించింది, అంతే.

హోమ్ పేజీది ఇంకో కథ. దాని బౌన్స్ రేట్ దాదాపు సున్నా. అబ్బాయికి అది గర్వంగా ఉంది. నాకు అనుమానం వచ్చింది. ఎంత మంచి సైటైనా హోమ్ పేజీకి వచ్చి వెంటనే వెళ్లిపోయేవాళ్లు కొందరుంటారు. ఎవరూ లేరంటే కొలతలో తేడా ఉన్నట్టే. ఆ కోడ్‌లను పరీక్షించే టాగ్ అసిస్టెంట్‌తో చూస్తే ఒక్కసారి పేజీ తెరిచినందుకు రెండు పేజీ వ్యూలు వెళ్తున్నాయి. సైట్ కట్టినవాళ్లు థీమ్‌లోని హోమ్ పేజీలో ఒకసారి, టాగ్ మేనేజర్‌లో ఒకసారి అదే కోడ్ పెట్టి వదిలేశారు. రెండు పేజీలు చూస్తే ఎంగేజ్డ్ సెషన్ కాబట్టి హోమ్‌కు వచ్చిన ప్రతి మనిషీ మంచి లెక్కలోకే పోతున్నాడు. థీమ్‌లోది తీసేశాం. తీసేస్తే హోమ్ పేజీ అంకె ఒక్కసారిగా పైకి లేస్తుందని పెద్దాయనకు, అంటే అబ్బాయి నాన్నకు, ముందే చెప్పాను, లేకపోతే నేను వచ్చి సైట్ చెడగొట్టాననుకోవడం సహజం. మీ సైట్‌లో బౌన్స్ రేట్ నమ్మశక్యం కానంత తక్కువుంటే సంతోషించే ముందు టాగ్ చూడండి.

మిగతా సర్దుళ్లు చిన్నవి. వాట్సాప్ స్టేటస్‌లో, గూగుల్ మ్యాప్స్ ప్రొఫైల్‌లో పెట్టే లింకుల చివర యూటీఎం తోకలు, అంటే ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే గుర్తులు, తగిలించాం, లేకపోతే వాటి నుంచి వచ్చినవాళ్లు విడిగా కనిపించరు. ఇంట్లో వాళ్లు, షాపులో వాళ్లు సైట్ తెరిచేది లెక్కలోకి రాకుండా ఫిల్టర్ పెట్టాం. మనమే కట్టుకునే ఎక్స్‌ప్లోర్ రిపోర్టుల కోసం డేటా దాచే గడువు మామూలుగా రెండు నెలలే ఉంటుంది, దాన్ని పద్నాలుగు నెలలు చేశాం. నిరుటి దసరాతో ఈసారి దసరాను పోల్చుకోవాలంటే ఇది తప్పనిసరి.

రామప్ప వ్యాసం

కొలత చక్కబడ్డాక సైట్ మొత్తం అంకెను పక్కన పెట్టేశాను. ఏ పేజీ మీద దిగారు, ఎక్కడి నుంచి వచ్చారు, ఫోనా కంప్యూటరా, ఈ మూడింటి ప్రకారం విడగొట్టి చూశాను. నెలనెలా పెరుగుతున్న బౌన్స్ రేట్ గుట్టు మొదటి చూపులోనే దొరికింది.

2021 జులైలో రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక అబ్బాయి సైట్‌లో ఒక వ్యాసం పెట్టాడు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి గురించి, నీళ్లలో తేలే తేలికపాటి ఇటుకల గురించి, వరంగల్ నుంచి పాలంపేటకు ఎలా వెళ్లాలో, దారిలో ఏం చూడొచ్చో చక్కగా రాశాడు. గూగుల్‌లో అది మెల్లగా పైకెక్కింది. సైట్‌కు గూగుల్ నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది ఇప్పుడు ఆ వ్యాసానికే వస్తున్నారు. ఇటుకలు ఎందుకు తేలుతాయో, గుడి ఎన్నింటికి తెరుస్తారో చూసుకుని వెళ్లిపోతున్నారు. దర్రీ కొందామని వచ్చినవాళ్లు కాదు కదా, ఎందుకు ఆగుతారు?

ఒకరి విజయం ఇంకొకరి ఓటమిలా కనిపించే లెక్క ఇది. పెద్దాయనకు కాగితం మీద ఇలా వేసి చూపించాను, అంకెలు నేను ఊరికే తీసుకున్నవి. ఒక నెల దర్రీల పేజీలకు వెయ్యి సెషన్లు వచ్చి 400 బౌన్స్ అయ్యాయి. వ్యాసానికి 200 వచ్చి 160 బౌన్స్ అయ్యాయి. మొత్తం 1200లో 560, అంటే దాదాపు 47 శాతం. తర్వాతి నెల దర్రీల పేజీలు మెరుగయ్యాయి, వెయ్యిలో 350 మాత్రమే బౌన్స్. కానీ వ్యాసం బాగా ఎక్కి దానికీ వెయ్యి మంది వచ్చారు, అందులో ఎప్పటిలాగే నూటికి ఎనభై చొప్పున 800 బౌన్స్. మొత్తం 2000లో 1150, అంటే 57.5 శాతం. షాపు పేజీలు బాగుపడ్డాయి, వ్యాసం ఏమీ చెడిపోలేదు, అయినా సైట్ మొత్తం అంకె పది శాతం పైన చెడింది. పెద్దాయన ఆ కాగితం చేతిలోకి తీసుకుని రెండోసారి తానే కూడి చూసి, "అయితే మనం లుక్సాన్ కాలేదన్నట్టు" అన్నారు.

అంతకుముందు వాళ్లకు ఎవరో ఇచ్చిన సలహా, ఆ వ్యాసాన్ని నాలుగు ముక్కలు చేసి 'తర్వాతి పేజీ' బటన్లు పెట్టమని. బౌన్స్ రేట్ తగ్గే మాట నిజమే, రెండు పేజీలు చూస్తే చాలు కదా. కానీ గుడి టైమింగ్స్ కోసం వచ్చిన మనిషిని మూడు క్లిక్కులు తిప్పడం న్యాయం కాదు. కిందికి స్క్రోల్ చేయడాన్ని కీ ఈవెంట్‌గా పెట్టి అంకె దించే పద్ధతి కూడా చెలామణిలో ఉంది. అలా దించిన అంకె యజమానికి ఏ సమాచారమూ ఇవ్వదు, పైగా అసలు సమస్య ఉన్న పేజీలను కూడా కప్పేస్తుంది. నేను రెండూ వద్దన్నాను.

వ్యాసాన్ని ఉన్నచోటనే ఉంచాం. రామప్పకు వెళ్లేవాళ్లలో చాలామంది హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగానే పోతారు. అందుకని దారి వివరాలు చెప్పిన చోట, కొత్తవాడలో ఆగి మగ్గాల మీద దర్రీలు నేసేది చూడొచ్చని ఒక వాక్యం, మ్యాప్ లింకు కలిపాం. ఆ పేజీ బౌన్స్ రేట్ ఏమాత్రం కదల్లేదు. మ్యాప్ లింకు నొక్కేవాళ్లు మాత్రం మొదలయ్యారు, రామప్ప చూసుకుని వస్తున్నామంటూ షాపుకు వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఫోన్‌లో ఏం జరుగుతోంది

నిజమైన సమస్య ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల మీద వస్తున్న ట్రాఫిక్‌లో ఉంది. అది పూర్తిగా ఫోన్ల ట్రాఫిక్, దానికే వాళ్లు డబ్బులు కడుతున్నది, అక్కడే జనం నిలవడం లేదు. ఎందుకో అంకెలు చెప్పవు. అందుకే మైక్రోసాఫ్ట్ క్లారిటీ పెట్టాం. డబ్బులు కట్టనక్కర్లేదు, మనుషులు పేజీ మీద ఎలా కదులుతున్నారో రికార్డింగ్ చూపిస్తుంది, వాళ్లు టైప్ చేసేది కనపడనివ్వదు. ఇలాంటిది పెట్టినప్పుడు ప్రైవసీ పేజీలో ఆ సంగతి రాయడం మర్యాద, రాశాం.

అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని రికార్డింగులు చూశాను. ఒకదాన్ని ఇక్కడ చెబుతాను, మిగతావి చాలావరకు దానిలాంటివే. ప్రకటనలో ఉన్నది నీలం, తెలుపు గళ్ల దర్రీ. దాన్ని నొక్కిన మనిషి దిగింది హోమ్ పేజీ మీద. పైన పెద్ద స్లైడర్, అందులో మగ్గాల వీడియో. అది కదలడం మొదలయ్యేలోపే 'మీ నంబరు ఇవ్వండి, డిస్కౌంట్ పొందండి' అని పాప్-అప్ తెరంతా కప్పింది. మూసే గుర్తు చిన్నది, మూలకు ఉంది. రెండుసార్లు నొక్కితే గానీ పోలేదు. తర్వాత కిందికి జరిపాడు. కాకతీయుల కాలం నుంచి వరంగల్ నేత, 1851లో లండన్ మహా ప్రదర్శనలో పెట్టిన వరంగల్ తివాచీ, 2018లో వరంగల్ దర్రీలకు దక్కిన జీఐ (భౌగోళిక) గుర్తింపు, అన్నీ వరుసగా పేరాలు. ఇంకా కిందికి జరిపాడు. ఒక దర్రీ ఫొటో దొరికితే దాని మీద నొక్కాడు, అది తెరుచుకోలేదు, ఉత్త బొమ్మ. మళ్లీ నొక్కాడు. వెనక్కి వెళ్లిపోయాడు. తనకు నచ్చిన నీలం గళ్ల దర్రీ అతనికి ఆ సైట్‌లో ఎక్కడా కనిపించలేదు.

అబ్బాయి కాసేపటికి అన్నాడు, "ఇదే మనిషి షాపుకొస్తే నేనే ఎదురుపోయి ఆ దర్రీ పరిచి చూపెడుదు." చేయాల్సిన పని ఆ మాటలోనే ఉంది. ఏ దర్రీ ప్రకటన నొక్కితే ఆ దర్రీ పేజీ మీదే దిగాలి. ప్రతి ప్రకటన లింకునూ అలాగే మార్చాం. ఈ కేసులో అన్నిటికంటే చవకైన మార్పు ఇదే, ప్రకటనల బౌన్స్‌ను అన్నిటికంటే ఎక్కువగా తగ్గించిందీ ఇదే. పాప్-అప్ తీసేశాం. ఫోన్లలో పేజీని కప్పేసే పాప్-అప్‌లున్న పేజీలను గూగుల్ 2017 జనవరి నుంచి వెతుకులాటలో కొంత వెనక్కి నెడుతోంది, కాబట్టి అది ఉంచుకుని లాభమేమీ లేదు. చరిత్ర పేరాలు 'మా గురించి' పేజీలోకి వెళ్లాయి. జీఐ గుర్తింపు మాట మాత్రం ప్రతి దర్రీ పేజీలో ధర దగ్గరే ఉంచాం, మిల్లు సరుకుతో తేడా తెలియాల్సింది అక్కడే.

తర్వాత బరువు. ఆఫీసు వైఫైలో సైట్ బాగానే తెరుచుకునేది. హనుమకొండ బస్టాండ్‌లో, మామూలు ఫోన్‌లో, మొబైల్ డేటా మీద తెరిచి చూస్తే తెల్ల తెర అలాగే ఉండిపోయింది. 2017లో గూగుల్ బయటపెట్టిన విశ్లేషణ ప్రకారం పేజీ తెరుచుకునే సమయం ఒక సెకను నుంచి మూడుకు పెరిగితే మనిషి వెళ్లిపోయే అవకాశం 32 శాతం పెరుగుతుంది, పది సెకన్లకు పెరిగితే 123 శాతం. ఇప్పటి కొలమానంలో పేజీలోని ప్రధాన బొమ్మో రాతో 2.5 సెకన్లలోపు కనిపిస్తే బాగున్నట్టు. దాన్నే ఎల్‌సీపీ అంటారు.

ఫొటోలు కెమెరాలోంచి తీసినవి తీసినట్టే ఎక్కించారు. ఫోన్ తెర వెడల్పు వెయ్యి పిక్సెళ్ల చుట్టుపక్కల ఉంటుంది, వాటికి ఆరేసి వేల పిక్సెళ్ల ఫొటోలు పంపుతున్నాం. వాటిని కుదించి వెబ్‌పీ అనే తేలికైన ఫార్మాట్‌లోకి మార్చాం. అయితే దర్రీకి కుదింపు మరీ ఎక్కువైతే నూలు పోగు కనపడదు, చేనేత దర్రీ ప్లాస్టిక్ చాపలా కనిపిస్తుంది. అందుకని పేజీలో తేలికైన ఫొటో, దాని మీద నొక్కితే మాత్రం పోగు పోగూ కనిపించే పెద్ద ఫొటో వచ్చేలా పెట్టాం. రికార్డింగుల్లో జనం ఫొటోల మీద నొక్కుతున్నది దీనికోసమే. లేజీ లోడింగ్ ప్లగిన్ ఒకటి అన్ని ఫొటోలనూ ఆలస్యంగా తెస్తోంది, పేజీ పైభాగంలో ఉండే మొదటి ఫొటోతో సహా. కింది ఫొటోలకు అది మంచిదే, మొదటి దానికి కాదు. దానికి మినహాయింపు ఇచ్చాం. స్లైడర్, వీడియో తీసేశాం.

తెలుగు సైట్లు కట్టేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. మన ఫాంట్లు ఇంగ్లిష్ ఫాంట్ల కంటే బరువు. గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు అన్నీ ఫాంట్ ఫైలులో ఉండాలి మరి. ఈ సైట్‌లో రెండు తెలుగు ఫాంట్లు, ఒక్కోదానికి నాలుగు మందాలు లోడ్ అవుతున్నాయి. అవి దిగేదాకా అక్షరమే కనపడేది కాదు. ఒక ఫాంటు, రెండు మందాలు ఉంచి, అసలు ఫాంటు వచ్చేలోపు ఫోన్‌లో ఉన్న ఫాంటుతోనే అక్షరాలు చూపించేలా మార్చాం. అలా చేసినప్పుడు రెండు ఫాంట్ల ఎత్తులో తేడా వల్ల పేజీ ఎగిరిపడుతుంది, ఒత్తులు కింది వరుసను తాకుతాయి. వరుసల మధ్య ఎడం పెంచి, ఫొటోలకు కొలతలు ముందే రాసి పెడితే ఆ ఇబ్బంది చాలావరకు పోయింది.

ఇక్కడ రిపోర్టులో కనిపించని ఒక సంగతి ఉంది. పేజీ మరీ ఆలస్యమైతే అనలిటిక్స్ కోడ్ లోడ్ కాకముందే మనిషి వెళ్లిపోతాడు. అతను బౌన్స్ కింద కూడా నమోదు కాడు, అసలు వచ్చినట్టే ఉండదు. ఇన్‌స్టా ప్రకటనల ఖాతాలో లింకు క్లిక్కులు ఎన్నో చూసి, జీఏ4లో ఆ ప్రకటనల సెషన్లతో పోలిస్తే మధ్యలో పెద్ద ఖాళీ ఉంది. ప్రతి క్లిక్కుకూ డబ్బు పోతోంది, మనిషి మాత్రం సైట్‌లో అడుగుపెట్టలేదు. వేగం పెరిగాక ఆ ఖాళీ బాగా పూడింది. అలా కొత్తగా లెక్కలోకి వచ్చినవాళ్లలో తొందరపాటు మనుషులు ఎక్కువ, వాళ్లలో కొందరు వెంటనే వెళ్లిపోతారు కూడా. కాబట్టి వేగం పెంచిన మొదటి రోజుల్లో బౌన్స్ రేట్ అనుకున్నంత తగ్గకపోతే బెంబేలు పడొద్దు, సెషన్ల సంఖ్య కూడా చూడండి.

ధర రాయాలా వద్దా

ఈ కుటుంబంతో ఎక్కువసేపు వాదన జరిగింది ధర దగ్గరే. సైట్‌లో ఏ దర్రీకీ ధర లేదు. 'వివరాలకు సంప్రదించండి' అని ఉండేది. పెద్దాయన వాదన గట్టిది: "ధర పెడితే మిల్లు కార్పెట్‌తోని పోలుస్తరు సార్. ఇది చేత్తోని నేసింది అని ఎవ్వలు చూస్తరు? మాట్లాడితేనే కదా సమజైతది."

నేను ఆయన మాట కాదనలేదు. కోడలు వాట్సాప్ చూసుకుంటుంది. ఎవరు ఏం అడిగినా ఒక నోటుబుక్కులో గీతలు పెట్టమన్నాను: ధర అడిగితే ఒక గీత, సైజు అడిగితే ఒక గీత, అలా. కొన్ని వారాల తర్వాత నోటుబుక్కు తెరిచి అందరం చూశాం. ధర గీతలే పేజీ నిండా. తర్వాత సైజు. ఆ తర్వాత, ఉతికితే రంగు పోతుందా, కొరియర్ ఎంత. కోడలు ఒక మాట కలిపింది: "రేటు చెప్పంగనే సగం మంది మల్ల జవాబియ్యరు సార్. పొద్దంతా గిదే పని." అంటే మాట్లాడితే సమజవుతుందన్న అవకాశం ఎక్కువమందితో రావడమే లేదు. పెద్దాయన నోటుబుక్కు తిరగేసి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. ధర కిందే అంత ఎందుకో కూడా ఉండాలి.

అది మంచి షరతు. ఒక 4×6 అడుగుల దర్రీ పేజీని మాదిరిగా తీసుకుని మళ్లీ కట్టాం. తెర మీద మొదటి చూపులోనే ఫొటో, సైజు, ధర, వాట్సాప్ బటన్. దాని కింద, పడుగూ పేకా నూలేనని, ఎన్ని రోజులు మగ్గం మీద ఉంటుందో, ఎలా ఉతకాలో చిన్న చిన్న వాక్యాలు. ఫొటోలు కొత్తగా తీశాం. ఉత్త నేల మీద పరిచిన దర్రీ ఎంత పెద్దదో ఎవరికీ అంచనా దొరకదు, అందుకని మంచం పక్కన, సోఫా ముందు పరిచి తీశాం. ఇంకొకటి పెద్దాయన ఆలోచన: దర్రీ ఒక మూల మడిచి వెనక వైపు చూపించడం. నేతలోనే డిజైను వచ్చిన దర్రీ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, తిప్పి కూడా వేసుకోవచ్చు. పైన అచ్చు వేసిన సరుకు వెనక వెలిసినట్టుంటుంది. ఆ ఒక్క ఫొటో, 'రెండు వైపులా వాడుకోవచ్చు' అన్న మాట, మిల్లు సరుకుతో పోల్చేవాళ్లకు ఏ పేరా చెప్పలేనంత చెప్పింది.

ధరలు పెట్టాక దర్రీ పేజీల బౌన్స్ రేట్ కొంచెం పెరిగింది. అబ్బాయి కంగారుగా ఫోన్ చేశాడు. రికార్డింగులు చూస్తే కారణం తెలిసింది. ఇంతకుముందు జనం ధర కోసం పేజీ అంతా కిందికీ పైకీ వెతికేవాళ్లు, ఆ వెతుకులాటలో పది సెకన్లు దాటిపోయి ఎంగేజ్డ్ సెషన్ అయ్యేది. ఇప్పుడు ధర కళ్లెదుటే ఉంది, తమకు కుదరదనుకున్నవాళ్లు నాలుగైదు సెకన్లలో వెళ్లిపోతున్నారు. వాళ్ల టైమూ మిగిలింది, కోడలి టైమూ మిగిలింది. వాట్సాప్‌కు వచ్చే మెసేజులు మొత్తంగా తగ్గాయి, కానీ నోటుబుక్కులో గీతలు మారిపోయాయి: ఈ రంగులో 6×9 ఉందా, ఫలానా తారీకు లోపు అందుతుందా, రెండు తీసుకుంటే కొరియర్ ఎంత. ఇవి కొనేవాళ్లు అడిగే ప్రశ్నలు. ఆర్డర్లు పెరగడం మొదలైంది ఇక్కడి నుంచే.

మార్పు పనిచేసిందని ఎలా నమ్మాలి

ఇంత చిన్న సైట్‌లో ఏ/బీ టెస్టులు, అంటే సగం మందికి పాత పేజీ, సగం మందికి కొత్త పేజీ చూపి పోల్చడం, కుదరవు. దానికి వాడే గూగుల్ ఆప్టిమైజ్‌ను కూడా 2023 సెప్టెంబరులో మూసేశారు. వంద సెషన్లలో యాభై బౌన్స్ అయ్యాయంటే, అసలు రేటు నలభైకీ అరవైకీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. నాలుగు వందల సెషన్లుంటే ఆ ఊగిసలాట అటూ ఇటూ అయిదుకు, వెయ్యి ఉంటే మూడుకు తగ్గుతుంది. కాబట్టి నిన్న 52, ఇవాళ 47 అని సంబరపడటం, మర్నాడు 55 అయితే దిగులు పడటం, రెండూ అనవసరం. మేం మార్పులను ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో తగినంత ఎడం ఇచ్చి చేశాం. పోల్చినప్పుడు అదే పేజీ, అదే ఇన్‌స్టా ట్రాఫిక్, అవే ఫోన్లు చూసుకున్నాం. బతుకమ్మ, దసరా వారాలను మామూలు వారాలతో పోల్చలేదు. అప్పుడు వచ్చేవాళ్లు కొనాలనే వస్తారు, పేజీ ఎలా ఉన్నా అంకెలు మెరుస్తాయి.

మొత్తం మీద ఇన్‌స్టా ప్రకటనల నుంచి వచ్చేవాళ్ల బౌన్స్ రేట్ బాగా తగ్గింది. అందులో పెద్ద వాటా లింకులు సరిచేసినందుకు, తర్వాతి వాటా వేగానికి. దర్రీ పేజీల్లో ధర వల్ల కొంత పెరిగింది. హోమ్ పేజీలో టాగ్ సరిచేసినందుకు పెరిగింది, రామప్ప వ్యాసం ఎప్పటిలాగే ఎక్కువ. అన్నీ కలిపితే మొదటికంటే కాస్త ఎక్కువ వస్తోంది. ఆ అంకెను రిపోర్ట్‌లోంచి తీసేయమని అబ్బాయే అడిగాడు.

ఇప్పుడు వాళ్లు సోమవారం సోమవారం చూసే రిపోర్ట్ ఒక్క పేజీ. ప్రకటనల నుంచి దిగిన ప్రతి దర్రీ పేజీకి సెషన్లు, బౌన్స్ రేట్, ఫోన్ నొక్కుళ్లు, వాట్సాప్ నొక్కుళ్లు పక్కపక్కన ఉంటాయి. బౌన్స్ ఎక్కువుండి నొక్కుళ్లు కూడా లేని పేజీ కనిపిస్తేనే రికార్డింగులు తెరుస్తారు. నొక్కుళ్లు బాగుంటే బౌన్స్ జోలికి పోరు. నోటుబుక్కు ఇంకా నడుస్తోంది. అందులో ఇప్పుడు ఎక్కువ గీతలు కొరియర్ ఖర్చుకే పడుతున్నాయి. దర్రీ బరువైన సరుకు, దూరాన్ని బట్టి ఖర్చు బాగా మారుతుంది. పిన్‌కోడ్ కొడితే కొరియర్ ఎంతో ధర పక్కనే చూపించే చిన్న పెట్టె తయారవుతోంది. ముందు 4×6 పేజీలో మాత్రమే పెట్టి, కోడలి గీతలు తగ్గుతాయో లేదో చూసి, తర్వాత మిగతా సైజులకు పెడతాం.